మెట్ట కోకో తోట, డ్వాక్రా చాక్లెట్: విశాఖలో కొనేవాళ్లకీ, వెళ్లి చూసేవాళ్లకీ

విశాఖలో డ్వాక్రా ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టినా ఇప్పుడు ఊరగాయలు, అప్పడాలు, నేత చీరల పక్కన చాక్లెట్ల బల్ల ఒకటి కనిపిస్తోంది. రంగు కాగితాలు చుట్టి, "హోమ్‌మేడ్" అని రాసి అమ్మేవే వీటిలో ఎక్కువ. బజార్లో దొరికే కాంపౌండ్ పలకను (కోకో వెన్న బదులు చవక కొవ్వు కలిపినది) కరిగించి అచ్చుల్లో పోస్తే అవి తయారైపోతాయి. ఈ రివ్యూ వాటి గురించి కాదు. ఏలూరు జిల్లా మెట్టలో కొబ్బరి చెట్ల కింద కాసిన కోకో కాయల్ని తామే పగలగొట్టి, పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, రుబ్బి, బార్లు పోసి విశాఖ తెస్తున్న ఒక మహిళా సంఘం సరుకు గురించి. వాళ్లు తోటలోనే నడుపుతున్న సందర్శన గురించి కూడా. సంఘం పేరు రాయడం లేదు. చిన్న సంఘాల సరుకు విడత విడతకీ మారుతుంది. ఒక విడత చూసి పేరు మీద ముద్ర వెయ్యడం న్యాయం కాదు. ఇక్కడ చెప్పిన పరీక్షలు ఏ సంఘం బల్ల దగ్గరైనా పనికొస్తాయి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. 70 శాతం కోకో ఉన్న బార్, పాలలో కలుపుకునే బిళ్లలు నిస్సందేహంగా కొనొచ్చు. బెల్లం బార్ చలికాలంలో మాత్రమే. కోకో పొడి, గింజ పొట్టుతో కాచే టీ వద్దు. తోట సందర్శన పెట్టిన డబ్బుకి తగినదే, కాకపోతే ఏ రోజు వెళ్లాలో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

బల్ల దగ్గర మొదట చెయ్యాల్సింది ప్యాకెట్ వెనక్కి తిప్పడం. అసలు చాక్లెట్‌లో కోకో, కోకో వెన్న (గింజలోని కొవ్వు), చక్కెర ఉంటాయి. హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, పామ్ కెర్నెల్ ఆయిల్ లాంటివి పట్టీలో మొదటి రెండు మూడు పేర్లలో కనిపిస్తే అది కాంపౌండ్. మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం చాక్లెట్‌లో కోకో వెన్న కాని వెజిటబుల్ ఫ్యాట్ 5 శాతం మించకూడదు. కాంపౌండ్ తింటే ప్రమాదమేమీ లేదు, పిల్లలు ఇష్టంగానే తింటారు. కానీ దానికి కోకో బార్ ధర ఇవ్వక్కర్లేదు. నాలుక మీద పెట్టుకున్నా తేడా తెలిసిపోతుంది: కోకో వెన్న ఒంటి వేడికి పూర్తిగా కరిగి నోరు శుభ్రంగా వదులుతుంది, కాంపౌండ్ అంగిలికి మైనంలా పట్టుకుంటుంది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, తయారీ తేదీ, నికర బరువు లేని ప్యాకెట్ ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టండి. ఈ సంఘం ప్యాకెట్ మీద ఇవన్నీ ఉన్నాయి. వాటితోపాటు గింజ పులియబెట్టిన నెల కూడా చేత్తో రాసి ఉంది. ఆ చిన్న చేతిరాతకు మేం ఎక్కువ విలువ ఇస్తాం, ఎందుకంటే చాక్లెట్ రుచిలో సగానికి పైగా గింజను పులియబెట్టే పెట్టెలోనే తేలిపోతుంది.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల మధ్య అంతర పంటగా వేస్తారు. రైతులు చాలామంది ఎండు గింజల్ని మోండెలీజ్ (క్యాడ్‌బరీ చాక్లెట్ల కంపెనీ) లాంటి కంపెనీలకు అమ్మేస్తారు. ప్రపంచ ధర 2024లో టన్నుకి 10 వేల డాలర్లు దాటినప్పుడు ఇక్కడా గింజ బంగారమైంది. 2025 వేసవికి అదే గింజ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కిలోకి 50 రూపాయలు కలపాల్సి వచ్చింది. ధర ఇలా ఊగుతున్నప్పుడు గింజగా అమ్ముకునే ఇల్లు దానితోపాటే ఊగుతుంది. బార్‌గా అమ్ముకునే ఇంటికి కాస్త నిలకడ దొరుకుతుంది. మహిళా సంఘాలు ఈ పనిలోకి దిగడానికి అసలు కారణం అదే.

కాయ పగలగొట్టాక లోపల తెల్లటి తీపి గుజ్జులో 30, 40 గింజలుంటాయి. కాయను కత్తితో నరికితే గింజకు గాటు పడుతుంది, ఆ గాటులోంచి బూజు లోపలికి వెళ్తుంది. అందుకే ఈ సంఘం ఆడవాళ్లు పొట్టి కర్రతో కాయ నడుమ మీద ఒక్క దెబ్బ వేసి, రెండు చేతులతో మెలిపెట్టి విడదీస్తారు. పచ్చి గింజలు అడుగున సందులున్న చెక్క పెట్టెలో పోసి, పైన అరటాకులు, ఆ పైన గోనె సంచులు కప్పుతారు. మొదటి రెండు రోజులూ గుజ్జులోని తీపిని ఈస్ట్ సారాగా మారుస్తుంది, రసం అడుగు నుంచి కారిపోతుంది. తర్వాత గాలి తగిలేలా తిరగెయ్యాలి. అప్పుడు సారా వెనిగర్‌గా మారుతూ పెట్టె 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికీ ఆ పులుపుకీ గింజలోని మొలక చచ్చిపోయి, లోపలి ఊదారంగు గోధుమరంగులోకి తిరుగుతుంది. చాక్లెట్ రుచికి పునాది పడేది అప్పుడే. ఎంత బాగా వేయించినా, ఎన్ని గంటలు రుబ్బినా ఆ పునాది తర్వాత వెయ్యలేం.

తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ జరుగుతాయి. సరుకు తక్కువైతే పెట్టె వేడెక్కదు. ఒక్కో ఇంటి నుంచి ఒక బకెట్ గింజలు వస్తే ఒక్కో ఇల్లూ విడిగా పులియబెట్టడం దండగ. అందరివీ ఒకే రోజు కోయించి ఒకే పెట్టెలో పొయ్యాలి, కనీసం 50 కిలోల పచ్చి గింజలైనా ఉండాలి. ఈ సంఘం బలమంతా ఆ కట్టుబాటులోనే ఉంది. రెండు రోజులకోసారి తిరగెయ్యకపోతే మధ్యలో గింజలు ఉడికినట్టయ్యి మూలల్లో పచ్చిగా ఉండిపోతాయి. ఆరో రోజు దాటాక కూడా ఉంచేస్తే వెనిగర్ వాసన పోయి మాంసం కుళ్లిన వాసన మొదలవుతుంది, ఆ గింజ ఇక దేనికీ పనికిరాదు. ఎండబెట్టడంలోనూ తొందర పనికిరాదు. మొదటి రోజే పల్చగా పరిచి మండుటెండలో పెడితే పైపొట్టు బిగుసుకుపోయి లోపలి పులుపు బయటికి రాదు. మొదటి రోజు మందంగా పరిచి తరచూ కలపాలి, తర్వాత పల్చబరచాలి. వారం ఎండ తగిలి తేమ 7 శాతానికి దిగితే, గుప్పిట్లో నొక్కినప్పుడు గింజలు చిటపటమంటాయి. వానాకాలంలో ఎండ లేక కట్టెల పొగ మీద ఆరబెట్టిన గింజకు పొగ వాసన పట్టేస్తుంది, చాక్లెట్ చేశాక కూడా అది పోదు.

స్టాల్‌లో ఇవన్నీ ఎలా తెలుసుకోవాలి? గింజలు చూపించమనండి. "అక్కా, ఈ బార్ చేసిన గింజలు ఓ నాలుగు కోసి చూపిస్తారా?" అని అడిగితే ఈ సంఘంవాళ్లు మొహమాటపడకుండా చిన్న చాకుతో గింజను నిలువునా చీల్చి అరచేతిలో పెడతారు. లోపల మెదడు మడతల్లా విడివడి, గోధుమరంగులో ఉంటే బాగా పులిసింది. ఊదారంగు మిగిలితే సగం పులిసింది: బార్ వగరుగా ఉంటుంది, తిన్నాక నోరు ఎండినట్టవుతుంది. పలకరాయిలా బూడిదరంగులో గట్టిగా, మడతల్లేకుండా ఉంటే అసలు పులియలేదు. గింజల వ్యాపారంలో 100 గింజలు కోసి లెక్కపెడతారు. మొదటి రకానికి బూజుపట్టినవి 3 శాతం, బూడిదరంగువి 3 శాతం మించకూడదు. మేం కోసి చూసిన విడతలో బూజు కనిపించలేదు, ఊదారంగు గింజలు మాత్రం అక్కడక్కడా తగిలాయి. కోసిన గింజను వాసన చూస్తే కొంచెం పులుపు, ఎండు ద్రాక్ష లాంటి తీపి వచ్చాయి. మూడు రంగుల గింజలూ ఒక అట్టకు అతికించి బల్ల మీద పెట్టమని వాళ్లకు చెప్పాం. కొనేవాళ్లకు అది ఏ కరపత్రం కన్నా బాగా అర్థమవుతుంది.

ఇక బార్లు. 70 శాతం బార్ 50 గ్రాములు, 140 రూపాయలు. విరిస్తే టక్కుమంటుంది, మెరుపు సమంగా ఉంది. మొదట ద్రాక్ష పులుపు, మధ్యలో వేయించిన కొబ్బరి లాంటి రుచి, చివర కొంచెం వగరు. ఆ వగరు ఊదారంగు గింజల వల్లే. నాలుక మీద ఇసుకలా తగలడం లేదంటే రుబ్బు సరిపోయిందని అర్థం. పలుకుల్ని (వేయించి పొట్టు తీసిన గింజ ముక్కల్ని), చక్కెరను 20, 25 మైక్రాన్ల దాకా దించాలి, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. దానికి రాతి గ్రైండర్ రెండు మూడు రోజులు ఆగకుండా తిరగాలి.

ఈ గ్రైండర్ గురించి ఒక మాట. మన ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండర్‌నే మార్చి, ప్రపంచమంతా చిన్న చాక్లెట్ తయారీదారులు వాడుతున్నారు. అలాగని ఇంట్లో గ్రైండర్‌లో కోకో పోసేయకూడదు. అది అరగంట, ముప్పావు గంట పనికి చేసింది. రోజుల తరబడి తిప్పితే మోటారు కాలుతుంది, రాళ్ల మధ్య ప్లాస్టిక్ బుష్ అరిగి చాక్లెట్‌లో కలుస్తుంది. కోకో కోసం చేసిన రకమే కొనాలి. పలుకుల్ని ముందు 50 డిగ్రీలకు వెచ్చబెట్టి, గుప్పెడు గుప్పెడుగా వెయ్యాలి. ఒకేసారి పోస్తే రాళ్లు బిగుసుకుంటాయి. అంతా పల్చని ముద్ద అయ్యాకే చక్కెర కలపాలి. పల్లెలో దీనికి అసలు శత్రువు కరెంటు కోత. డ్రమ్ములో ముద్ద చల్లారి గడ్డకడితే రాళ్లు దానిలో ఇరుక్కుపోతాయి. కరెంటు రాగానే స్విచ్ వేస్తే బెల్టు తెగుతుంది. ముందు డ్రమ్మును వెచ్చబెట్టి, ముద్ద కరిగాక, రాళ్లను చేత్తో తిప్పి చూసి అప్పుడు వెయ్యాలి. సంఘం ఇన్వర్టర్ పెట్టుకున్నాక విడతలు చెడిపోవడం తగ్గిందని అక్కడి ఆడవాళ్లు చెప్పారు. ఇలాంటి సంఘాలకు సాయం చెయ్యాలనుకునేవాళ్లు రంగు పెట్టెలు, లోగోల కన్నా ముందు ఇన్వర్టర్ ఇవ్వాలని మేం గట్టిగా చెబుతాం.

ధర ఎక్కువ అనిపించేవాళ్ల కోసం లెక్క: 25, 28 కాయలు పగలగొడితే కిలో ఎండు గింజలు. ఏరి, వేయించి, చేటతో పొట్టు చెరిగితే 750 నుంచి 800 గ్రాముల పలుకులు మిగులుతాయి. 50 గ్రాముల 70 శాతం బార్‌కు 35 గ్రాముల పలుకులు పడతాయి, అంటే కిలో గింజలకు 21, 22 బార్లు. గింజ కిలో 500 అనుకుంటే బార్‌కు గింజ ఖర్చు 23 రూపాయల చిల్లర. మిగతాదంతా కరెంటు, రేకు, అట్టపెట్టె, విశాఖ రవాణా, స్టాల్ అద్దె, పాడైన విడతల నష్టం, మనుషుల కూలి. చేత్తో ఏరి, చేత్తో చెరిగే పనికి రోజు కూలి కట్టి చూస్తే 140 రూపాయల్లో మిగిలేది కొంచెమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. దానివల్ల పెద్ద కంపెనీల బార్లూ చవకయ్యాయి కాబట్టి వీళ్లకు పోటీ తగ్గలేదు. బేరమాడకండి.

బెల్లం బార్ మీద మాకు ప్రేమ ఉంది, ఫిర్యాదూ ఉంది. అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా చాక్లెట్‌లో ఎందుకు వెయ్యకూడదనే ఆలోచన మంచిదే. రుచి కూడా అద్భుతంగా కుదురుతుంది, పాకం వాసనతో పులుపు తగ్గి గుండ్రంగా వస్తుంది. చిక్కంతా తేమతో. కోకో ముద్దలో నీరు ఒకటి, ఒకటిన్నర శాతం దాటితే అది బిగుసుకుపోతుంది. చక్కెరలో తేమ దాదాపు ఉండదు. అచ్చు బెల్లంలో చాలా ఉంటుంది, పైగా గాలిలోంచి ఇంకా పీల్చుకుంటుంది. బెల్లాన్ని తురిమి, 50, 60 డిగ్రీల డ్రయ్యర్‌లో గంటల తరబడి ఆరబెట్టి, పొడి చేసి, వెచ్చగా తిరుగుతున్న డ్రమ్ములో మూత తీసి కొద్దికొద్దిగా వేస్తేనే కుదురుతుంది. ఈ సంఘం డ్రయ్యర్ వాడుతోంది కాబట్టి తాజా బార్ బాగుంది. నెల దాటిన బార్ మాత్రం పైన తెల్లగా, తాకితే గరుగ్గా మారింది. విశాఖ గాలికి అది తప్పదు. హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరిచిన బెల్లం వాడితే గంధకం వాసన చాక్లెట్‌లో మరీ తేలుతుంది. వీళ్లు ముదురురంగు బెల్లమే వాడుతున్నారు, అది సరైన నిర్ణయం. డిసెంబరు, జనవరిల్లో తయారీ తేదీ చూసి కొని, నెలలోపు తినెయ్యండి.

అరకు కాఫీ కలిపిన బార్ పర్వాలేదు. కాఫీ గింజల్ని కోకోతోపాటే రుబ్బుతారు కాబట్టి పొడి పొడిగా తగలదు, కానీ కాఫీ కొంచెం ముదురుగా వేగి కోకో పులుపును మింగేసింది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీని అంత నల్లగా వేయించడం వృథా.

పాలలో కలుపుకునే బిళ్లలే ఈ బల్ల మీద మా మొదటి ఎంపిక. ఇవి తక్కువ గంటలు రుబ్బినవి, కాస్త గరుకుగా, శొంఠి, ఏలకులతో ఉంటాయి. టెంపరింగ్ (మెరుపు కోసం ముద్దను కొలతగా వేడిచేసి చల్లార్చడం) అక్కర్లేదు కాబట్టి తెల్లబడినా నష్టం లేదు, ధర కూడా తక్కువ. ఒక బిళ్ల 20 గ్రాములు. ముందు 50 మిల్లీలీటర్ల నీళ్లలో సన్న సెగ మీద కరిగించి, చిక్కగా అయ్యాక 100 మిల్లీలీటర్ల పాలు పోసి, పొంగు రానిచ్చి కవ్వంతో చిలకండి. నేరుగా వేడి పాలలో పడేస్తే వెన్న పైకి తేలి నూనె చుక్కలు కనిపిస్తాయి. "పాడైపోయింది" అని తిరిగి తెచ్చేవాళ్లు చాలామంది చేసే పొరపాటు అదే. వాడే పద్ధతి ప్యాకెట్ మీద తెలుగులో పెద్దక్షరాల్లో రాస్తే సంఘానికి ఆ తలనొప్పి తప్పుతుంది.

కోకో పొడి ఎందుకు వద్దంటున్నామంటే, గింజలో సగానికి పైగా వెన్నే. దాన్ని పిండి తీసేస్తేగాని పొడి రాదు, దానికి పెద్ద హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. అది లేనిచోట పలుకుల్ని మిక్సీలో వేస్తే ముద్దవుతుంది, చల్లార్చి తురిమితే ఉండకడుతుంది. లేదా బయట ఫ్యాక్టరీ పొడి కొని సంచి మార్చి అమ్మాలి. రెండో పని చేసే బల్లలు ఉన్నాయి. ఈ సంఘం మొదటిది చేస్తోంది, మోసమేమీ లేదు. కానీ "కోకో పొడి" అన్న పేరు చూసి కేకు చేసేవాళ్లు కొంటే కేకు చెడుతుంది. దానికి "రుబ్బిన కోకో" అని పేరు మార్చాలి. పొట్టు టీ విషయంలో మా అభ్యంతరం శుభ్రత గురించి. నేల మీద పరిచిన పరదాపై ఆరినప్పుడు దుమ్మూ ధూళీ పొట్టుకే పడతాయి. ఎత్తైన బల్లల మీద ఆరబెట్టడం మొదలుపెట్టాక కొనొచ్చు.

బార్ ఇంటికి తెచ్చాక విశాఖ వాతావరణాన్ని గుర్తుపెట్టుకోవాలి. చాక్లెట్ 33, 34 డిగ్రీలకే కరిగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గుడారం కింద బల్ల మీద ఉన్న బార్ అప్పటికే మెత్తబడి ఉంటుంది, పొద్దున్నే కొనండి. కరిగి మళ్లీ గడ్డకట్టిన బార్ మీద తెల్లటి చారలొస్తాయి. అవి బూజు అనుకుని పారేయకండి. వేలితో రుద్దితే కరిగి మాయమైతే అది పైకి తేలిన కోకో వెన్న. గరుకుగా ఉండి పోకపోతే తేమకు తేలిన చక్కెర. రెండూ తినొచ్చు, పాలలో వేసుకుంటే తేడానే తెలియదు. నూగులా ఉండి ముక్కిన వాసన వస్తేనే బూజు. ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే రేకు చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. తీసినప్పుడు డబ్బా మూత వెంటనే తెరవద్దు. అరగంట బయట ఉంచితే చెమ్మ బార్‌కు కాకుండా డబ్బాకు పడుతుంది.

తోట సందర్శన సంగతికొస్తే, విశాఖ నుంచి పొద్దున్న జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తాడేపల్లిగూడెంలో దిగి, జంగారెడ్డిగూడెం వైపు బస్సు పట్టుకుంటే మధ్యాహ్న భోజనానికి చేరతారు. అదే రోజు తిరిగి రావాలనుకుంటే అంతా ఉరుకుల పరుగులవుతుంది. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. మనిషికి పగటి సందర్శన, భోజనంతో 800 రూపాయలు, రాత్రి బసకు మరో 600. ఆ 800 ఎలా పంచుకుంటారో షెడ్డు గోడ మీద పెయింటుతో రాసి పెట్టారు: వంటకు 300, దగ్గరుండి చూపించే ఇద్దరికి 200, తోట యజమానికి 150, సంఘం నిధికి 150. ఇలా బాహాటంగా రాసుకున్న సంఘంలో గొడవలు తక్కువ, వచ్చినవాళ్లకూ తమ డబ్బు ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. ట్రావెల్స్‌వాళ్లు 40 మందిని బస్సులో దింపి, గంటసేపు ఫొటోలు తీయించి, సంఘం చేతిలో కొంచెం పెట్టి వెళ్లిపోయే పద్ధతి మొదలైంది. అలా వెళ్లకండి. బల్ల దగ్గర నంబర్ అడిగి తీసుకుని, నేరుగా ఫోన్ చేసి బుక్ చేసుకోండి, పది పన్నెండు మందికి మించకుండా.

ఫోన్ చేసినప్పుడు ఒక్కటే అడగండి: "అమ్మా, పెట్టెలు ఎన్నో రోజులో ఉన్నాయి?" పులియడానికే ఐదారు రోజులు, ఎండడానికి వారం పడుతుంది కాబట్టి ఒక్క రాకలో ఒకే గింజ ప్రయాణం అంతా చూడలేరు. పెద్ద కోత ఉన్నప్పుడు ఈ సంఘం మూడు పెట్టెలు మూడు వేర్వేరు రోజుల్లో ఉంచుతుంది. అలాంటి రోజు దొరికితే మూడు అరటాకులు వరసగా ఎత్తి చూపిస్తారు. మొదటి పెట్టెలో పండ్ల వాసన, చెయ్యి పెడితే చల్లగా జిగురు. మూడో రోజు పెట్టె ఆకు ఎత్తగానే వెనిగర్ ఘాటు కళ్లకు తగులుతుంది, అరచెయ్యి లోపల నిలపలేనంత వేడి. ఐదో రోజు పెట్టెలో ఘాటు తగ్గి, గింజలు గోధుమరంగు తిరిగి ఉంటాయి. పుస్తకంలో ఎన్ని పేజీలు చదివినా రాని జ్ఞానం ఆ పది నిమిషాల్లో వస్తుంది. కోత లేని రోజుల్లో వెళ్తే ఖాళీ పెట్టెలు చూపించి నోటితో చెబుతారు. అప్పుడు 800 ఎక్కువే, ధర తగ్గించాలి.

తోటలో కాయ కొమ్మకే కాదు, నేరుగా మానుకూ కాస్తుంది. లాగి తెంపకండి. మాను మీద పూత వచ్చే గడ్డ చీలిపోతే అక్కడ మళ్లీ కాయ రాదు, అందుకే కత్తెరతో కోయిస్తారు. ఉడుతలు, ఎలుకలు కన్నం పెట్టిన కాయలు, వానలకు నల్లకుళ్లు పట్టిన కాయలు కూడా చూపించమనండి. నష్టం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే ధర అర్థమవుతుంది. కాయ గుజ్జు రసం చల్లగా ఇస్తారు, లిచీ రుచిలో ఉంటుంది. రెండో గ్లాసు అడిగితే లేదంటారు, అది పిసినారితనం కాదు. గుజ్జు ఎక్కువ తీసేస్తే పెట్టెకు వేడి పుట్టించే తీపి తగ్గిపోతుంది. ఆ రసం కూడా అప్పటికప్పుడు తాగాల్సిందే, సాయంత్రానికి పొంగిపోతుంది.

మధ్యాహ్నం తర్వాత వంటింటి పని. మూకుట్లో గింజలు వేయించి, చేటలో చెరిగి, రోట్లో నూరి, వెచ్చటి ముద్ద నాలుక మీద పెడతారు. వేయించడం 120, 140 డిగ్రీల మధ్య 20, 30 నిమిషాలు. మూకుట్లో డిగ్రీలు కనిపించవు కాబట్టి చిటపటలు మొదలై తగ్గడం, పొట్టు తేలిగ్గా ఊడటం గుర్తులు. మాడితే ఎంత చక్కెర వేసినా చేదు పోదు. అచ్చుల్లో పోసే పని మాత్రం తెల్లవారుజామునే, ఏసీ గదిలో చేస్తారు. ముద్దను 45, 50 డిగ్రీలకు కరిగించి, 27, 28కి దించి, మళ్లీ 31, 32కి తెచ్చి పోస్తేనే మెరుపూ విరుపూ వస్తాయి. పగటి వేడిలో ఆ కొద్ది డిగ్రీల తేడా చేతికి దొరకదు. రాత్రి ఉండమని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

డొమినికన్ రిపబ్లిక్‌లోని ఆల్తమీరా దగ్గర చోకాల్ అనే మహిళల సంఘం, కోస్టారికా తలమాంకాలో బ్రిబ్రి మహిళల అకోమూయిటా ఇదే దారిలో చాన్నాళ్లుగా నడుస్తున్నాయి: సొంత కోకో, సొంత చాక్లెట్, దానికి తోడు వచ్చినవాళ్లకు చూపించడం. బ్రిబ్రిల్లో కోకో పానీయం కాచి పోసే హక్కు ఆడవాళ్లదే. మన మెట్టలో పెట్టెను తిరగేసే సమయం, చెరిగే చెయ్యి, వేగిన వాసన పట్టే ముక్కు అంతా ఆడవాళ్లవే అయినా, తోట కాగితం మీద పేరు ఎక్కువగా మగవాళ్లది. సంఘం పేరు మీద గ్రైండర్, పెట్టెలు, బ్యాంకు ఖాతా ఉండటం అందుకే మాకు సంతోషం కలిగించిన విషయం.

బస ఇళ్లల్లో పరుపు, ఫ్యాను, దోమతెర శుభ్రంగా ఉన్నాయి. బాత్రూమ్ రెండిళ్లకు ఒకటి, పెద్దవాళ్లు ముందే అడిగి దగ్గరగా ఉన్న ఇల్లు తీసుకోవాలి. భోజనంలో పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి బాగున్నాయి. తోటలోకి చెప్పులతో వెళ్లకండి: కోకో ఆకు రాలి మందంగా, మెత్తగా పరుచుకుని ఉంటుంది, దాని కింద పామో తేలో ఉన్నా కనిపించదు. బూట్లు వేసుకోండి. కోకోలో ఉండే థియోబ్రోమిన్ కుక్కలకు విషం కాబట్టి చేతిలో మిగిలిన పొట్టు, పలుకులు ఇంటి చుట్టూ తిరిగే కుక్కలకు వెయ్యొద్దని పిల్లలకు ముందే చెప్పండి. యూపీఐ పనిచేస్తుంది గానీ సిగ్నల్ నమ్మలేం, కొంత నగదు ఉంచుకోండి.

దీపావళి బహుమతి పెట్టెలు కావాలనుకునే ఆఫీసులు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఆగస్టులోనే చెప్పాలి. వానల్లో గింజ సరిగా ఎండదు కాబట్టి వేసవిలో ఎండిన నిల్వ గింజతోనే అవి తయారవుతాయి, ఆ నిల్వ ఎంతో వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది. అక్టోబరులో వచ్చి 300 పెట్టెలు అడిగితే, కాదనలేక సగం ఎండిన గింజతో చెయ్యాల్సి వస్తుంది. సగం డబ్బు ముందే ఇవ్వండి, విడత నెల పెట్టె మీద రాయమనండి.